పండగ లేని ఏడాది: ఇంట్లో ఒకరు పోయిన దుఃఖం మీద పిల్లల నవల రాసే పద్ధతి

తొమ్మిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలు చదివే నవల. అందులో నాయనమ్మ చనిపోతుంది, బొమ్మలు మాట్లాడతాయి, చదివే పిల్లలు నవ్వుతారు, కొన్ని చోట్ల ఏడుస్తారు కూడా. ఇలాంటి పుస్తకం రాయాలనుకునేవాళ్ళు పని ఎక్కడ మొదలుపెట్టి ఏ వరసలో నడపాలో ఇక్కడ వివరంగా ఇస్తున్నాం. అడుగడుక్కీ ఉదాహరణ కావాలి కాబట్టి ఒకే కథను పట్టుకుని వెళ్తాం: విజయవాడ సత్యనారాయణపురం, పదేళ్ళ మల్లి, ఐదేళ్ళ తమ్ముడు బుజ్జి, అమ్మా నాన్నా, అటక మీద నాయనమ్మ దాచిన కొండపల్లి బొమ్మల ట్రంకు పెట్టె. మీ కథ గుంటూరు బ్రాడీపేటలో జరిగినా, బొమ్మల బదులు కుట్టు మిషనో హార్మోనియమో ఉన్నా వరస ఇదే.

ఈ తరహా నవలలు చాలావరకు ఒకే చోట దెబ్బతింటాయి. దుఃఖం దారి దుఃఖానిది, వింతల దారి వింతలది అయిపోతుంది. నాలుగు పేజీలు ఏడుపు, నాలుగు పేజీలు అల్లరి, మళ్ళీ ఏడుపు. పిల్లలు ఏడుపు పేజీలు తిప్పేసి అల్లరి పేజీలకు వెళ్ళిపోతారు. కథలోని వింత ఆ పిల్లకు ఏదో ఒకటి ఇవ్వాలి, ఇచ్చినందుకు ఏదో ఒకటి లాక్కోవాలి. దుఃఖం ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే కనిపించాలి. కింద చెప్పే పనులన్నీ అందుకోసమే.

1. పోయిన మనిషిని ముందు బతికించండి

నవల మొదలుపెట్టకముందు ఒక నోటు పుస్తకంలో నాయనమ్మ గురించి ఇరవై సంగతులు రాసుకోండి. మనవరాలిని ఎలా పిలుస్తుంది, కొంగుకు ఏం ముడేసుకుంటుంది, ఎవరి పొడ గిట్టదు, ఏ కూర ఎప్పుడూ మాడ్చేస్తుంది, టీవీలో ఏం వస్తే లేచి వెళ్ళిపోతుంది. ఇరవైలో ఐదో ఆరో పుస్తకంలోకి వస్తాయి. తక్కినవి రాకపోయినా ఆ ఐదింటికి బలమిస్తాయి.

ఇరవైలో కనీసం మూడు లోపాలుండాలి. మన నాయనమ్మ అష్టాచెమ్మా ఆడేటప్పుడు మోచేత్తో గవ్వ తిప్పేస్తుంది. బుజ్జికి ముందు పెట్టి మల్లికి తర్వాత పెడుతుంది. ఒప్పుకోమంటే ఒప్పుకోదు. పోయినవాళ్ళను దేవతల్ని చేసి రాస్తే చదివే పిల్లకు ఊపిరాడదు. తన నాయనమ్మ మీద తనకు కోపం వచ్చిన రోజులు గుర్తొచ్చి, తనొక్కతే చెడ్డదనుకుంటుంది.

ఆమె చనిపోయే ముందు సాయంత్రం మల్లి ఒక మాట అనాలి. "నువ్వు దొంగాట ఆడతావు, నీతో ఇంకెప్పుడూ ఆడను పో." ఈ వయసు పిల్లల్లో చాలామంది తమ మాట వల్లో, తమ కోపం వల్లో మనిషి పోయారని లోపల్లోపల నమ్ముతారు, పైకి చెప్పరు. నవలకు ఇదే ఇరుసు. పెద్దవాళ్ళెవరికీ ఈ సంగతి పందొమ్మిదో అధ్యాయం దాకా తెలియకూడదు. చదివే పిల్లలకు మాత్రం రెండో అధ్యాయంలోనే తెలియాలి.

చావుకు కారణం సూటిగా రాయండి. గుండెపోటు వచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్ళారు, గుండె ఆగిపోయింది. "నిద్రలోనే వెళ్ళిపోయింది" అని వదిలేస్తే చదివిన పిల్లలు ఆ రాత్రి పడుకోవడానికి భయపడతారు. "దేవుడికి ఇష్టమై తీసుకెళ్ళాడు" అంటే దేవుడి మీద కోపం పెంచుకుంటారు, లేకపోతే అమ్మ కూడా దేవుడికి ఇష్టమేమోనని బెంగపడతారు. ఇలాంటి మాటలు కథలో పక్కింటి పిన్నిగారు అనొచ్చు, మన ఇళ్ళలో అంటారు కాబట్టి. కథ చెప్పే గొంతు అనకూడదు. ఎవరో ఒకరు, మేనత్త అయితే బాగుంటుంది, మల్లిని పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పే సన్నివేశం ఒకటి తప్పనిసరిగా పెట్టండి. అరపేజీ చాలు.

మొదటి రెండు అధ్యాయాల్లో నాయనమ్మ బతికే ఉండాలి. మొదటి వాక్యంలోనే చంపేస్తే ఆమె పాఠకుడికి ఎవరూ కాదు.

2. పిల్లల దుఃఖం నడిచే తీరు

పెద్దవాళ్ళ దుఃఖం రోజంతా ఇంట్లో కూర్చుని ఉంటుంది. పిల్లలది వచ్చి పోతూ ఉంటుంది. పది నిమిషాలు వెక్కివెక్కి ఏడ్చిన పిల్ల పదకొండో నిమిషంలో పతంగి కోసం పరుగెత్తుతుంది. అలా పరుగెత్తిందని రాసి ఊరుకోండి. "బాధ మరిచిపోయి" అని ఒక్క మాట చేర్చినా అబద్ధమవుతుంది, ఎందుకంటే అది మరుపు కాదు.

బుజ్జికి ఐదేళ్ళు. చావు అంటే తిరిగి రాకపోవడమని ఆ వయసుకు ఇంకా నిలకడగా అర్థం కాదు. "నాయనమ్మ ఎప్పుడొస్తుంది?" అని సోమవారం అడుగుతాడు, జవాబు వింటాడు, మంగళవారం మళ్ళీ అడుగుతాడు. ఈ ప్రశ్న పుస్తకంలో ఐదారుసార్లు రావాలి. ప్రతిసారీ జవాబు చెప్పేది వేరే మనిషి కావాలి, ఒకసారి నాన్న లేచి బయటికి వెళ్ళిపోవాలి. పదేళ్ళ మల్లికి తిరిగి రాదని తెలుసు. ఆమె ప్రశ్నలు వేరు. నాయనమ్మ మంచం ఇప్పుడు ఎవరిది? కళ్ళజోడు ఏం చేస్తారు? ఫోన్‌లో ఆవిడ నంబరు ఉంచుతారా, తీసేస్తారా?

దుఃఖం ఒంట్లో కూడా కనిపించాలి. మల్లికి బడికి వెళ్ళే వేళకు కడుపునొప్పి. బుజ్జి మళ్ళీ పక్క తడపడం మొదలుపెడతాడు. అమ్మ చిన్న విషయాలకు కసురుతుంది. "మల్లికి చాలా దుఃఖం కలిగింది" అనే వాక్యం చిత్తుప్రతిలో ఎక్కడ కనిపించినా కొట్టేసి, ఆ క్షణంలో చేతులు ఏం చేస్తున్నాయో రాయండి.

3. క్యాలెండరే కథకు చట్రం

మన ఇళ్ళలో చావుకు సొంత క్యాలెండర్ ఉంది. పది రోజుల మైల, పదకొండు నుంచి పదమూడో రోజు దాకా కర్మకాండ, నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ఏటి సూతకం పాటించే ఇంట్లో ఆ ఏడాది పండగ చేయరు. ప్లాటు కోసం వేరే వెతకక్కర్లేదు. అయితే కులాన్ని బట్టి, ఇంటి ఆనవాయితీని బట్టి రోజుల లెక్క మారుతుంది. మీ పాత్రలు ఏ ఇంటివాళ్ళో ఆ ఇంటి పెద్దల్ని అడిగి రాసుకోండి. క్రైస్తవ కుటుంబమైతే ఆదరణ కూడిక, సమాధి దగ్గర ప్రార్థన. ముస్లిం కుటుంబమైతే నలభయ్యో రోజు ఫాతిహా. ఒక ఇంటి పద్ధతిలో ఇంకో ఇంటి మాట దొర్లితే పాఠకుడు అక్కడే పుస్తకం మూస్తాడు.

మన కథలో నాయనమ్మ కార్తీక మాసం మొదట్లో పోయింది. పది వారాలకే సంక్రాంతి. ఏటా భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులు కొలువు తీరే బొమ్మలు ఈసారి అటక దిగవు. వచ్చే కార్తీకంలో తిథి చూసి సంవత్సరీకం పెడతారు, ఆ తర్వాత రెండో సంక్రాంతికి కొలువు పెట్టుకోవచ్చు. పద్నాలుగు నెలలు, రెండు సంక్రాంతులు, మధ్యలో ఒక పండగ లేని ఏడాది. చట్రం కుదిరింది.

ఇరవై నాలుగు అధ్యాయాలు అనుకుంటే పంపకం ఇలా ఉంటుంది. 1, 2 అధ్యాయాల్లో నాయనమ్మ ఉంటుంది. 3 నుంచి 6 వరకు పదమూడు రోజులు. 7 నుంచి 9 వరకు కొలువు లేని సంక్రాంతి, పెట్టె తెరవడం. 10 నుంచి 15 వరకు ఫిబ్రవరి నుంచి వేసవి దాకా, అల్లరంతా ఇక్కడే. 16 నుంచి 19 వరకు వానాకాలం, రిపేరు, మల్లి తన మాట బయటపెట్టడం. 20 నుంచి 22 వరకు సంవత్సరీకం. చివరి రెండూ రెండో సంక్రాంతి.

కాలం గడిచిందని చెప్పడానికి తేదీలు వేయకండి. నాన్న తల చూపించండి. కర్మకు గుండు చేయించుకుని వచ్చిన నాన్నను చూసి బుజ్జి గుర్తుపట్టక అమ్మ వెనక దాక్కుంటాడు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. సంక్రాంతికి రెండు సెంటీమీటర్లు, దువ్వెన ఇంకా అక్కర్లేదు. ఉగాదికి పాపిడి తీయొచ్చు. వేసవికి క్రాఫు మామూలైపోతుంది, కానీ నాన్న మాత్రం ఇంకా భోజనం దగ్గర మాట్లాడడు. ఈ తేడాను పిల్లలు ఎవరూ చెప్పకుండానే పట్టుకుంటారు.

వేసవిలో ఆవకాయ అధ్యాయం ఒకటి చేర్చుకోవచ్చు. ఏటి సూతకంలో ఊరగాయ పెట్టని ఇళ్ళున్నాయి, అది ముందు తేల్చుకోండి. పెట్టే ఇల్లయితే గొడవ కొలత దగ్గర రావాలి. నాయనమ్మ కారం, ఆవపిండి, ఉప్పు సోలతో కొలిచేది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అమ్మకు గ్రాములు కావాలి, మేనత్తకు సోల కావాలి. ఆ సోల కనిపించదు. బుజ్జి అందులో ఇసుక పోసి ఆడుకుంటుంటాడు. నవ్వూ బాధా ఒకే గిన్నెలో ఉండే అధ్యాయం ఇది, దీనికి వెయ్యి పదాలైనా ఇవ్వండి.

4. వింతకు నియమం పెట్టడం

ఒక పుస్తకానికి ఒకే వింత. బొమ్మలు మాట్లాడితే కాలువ మాట్లాడకూడదు, గాలిపటం మాట్లాడకూడదు. రెండో వింత రాగానే మొదటిదాని విలువ పోతుంది. ఉన్న ఒక్క వింతకు మూడు నియమాలు కాగితం మీద రాసి బల్ల మీద అంటించుకోండి. మన కథ నియమాలివి:

రంగు ఊడిన బొమ్మే మాట్లాడుతుంది. మళ్ళీ రంగు వేసి బాగుచేస్తే నోరు మూతపడుతుంది. బొమ్మకు కొలువు మెట్ల మీద ఉన్న రోజుల్లో తను చూసిందే తెలుసు, ఏడాదికి మూడు రోజుల లెక్కన.

మొదటి నియమం పిల్లలకు నచ్చుతుంది. రెండోది కథను నడుపుతుంది, ఎందుకంటే మల్లికి బొమ్మల్ని బాగుచేయాలని ఉంటుంది, బాగుచేస్తే నాయనమ్మ గురించి చెప్పేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతారు. మూడోది మిమ్మల్ని కాపాడుతుంది. "నాయనమ్మ ఇప్పుడెక్కడుంది?" అని మల్లి అడిగితే బొమ్మలకు జవాబు తెలియదు. చావు తర్వాత ఏముంటుందో బొమ్మ చేత చెప్పించే అవసరం రచయితకు రాదు. ఏ ఇంటి నమ్మకం ఆ ఇంటికి వదిలేయొచ్చు.

నియమం పాఠకుడికి తెలిసే దారి ముఖ్యం. ఎనిమిదో అధ్యాయంలో అంబారీ ఏనుగు తొండం విరిగి, అక్కడ రంగు ఊడి ఉంటుంది, అది మాట్లాడుతుంది. పక్కనున్న దశావతారాలు కొత్తగా మెరుస్తుంటాయి, పలకవు. మల్లి రెండుసార్లు తప్పు ఊహించి మూడోసారి పట్టుకోవాలి. వివరణ ఇచ్చే ముసలి బొమ్మను పెట్టొద్దు.

దారి తప్పేవి తరచూ మూడు. ఒకటి, పోయిన మనిషి తిరిగి వచ్చేయడం: కలలోనైనా, ఆత్మగానైనా వచ్చి "బాధపడకు తల్లీ" అంటే అప్పటిదాకా రాసిందంతా వృథా. రెండు, చివర్లో అదంతా కల అని తేల్చేయడం, పిల్లలు దీన్ని క్షమించరు. మూడు, అవసరం వచ్చినప్పుడు నియమాన్ని సడలించడం. పంతొమ్మిదో అధ్యాయంలో రంగు వేసిన బొమ్మ ఒక్కసారి మాట్లాడితే సన్నివేశం రక్తి కడుతుందనిపిస్తుంది. కట్టదు. పదేళ్ళ పాఠకులు నియమాల విషయంలో జడ్జీల కంటే కఠినంగా ఉంటారు.

5. చేతిపని: ఉన్నది ఉన్నట్టు

సృజన మీద రాసే పుస్తకంలో పని కనిపించాలి. "రంగులతో తన బాధను చిత్రించింది" అనే వాక్యంలో పనీ లేదు, బాధా లేదు. మల్లి బొమ్మ బాగుచేస్తే, చదివిన పిల్ల పుస్తకం పక్కన పెట్టి అదే పని చేయగలగాలి.

కొండపల్లి విజయవాడకు సుమారు 20 కిలోమీటర్లు. బొమ్మల కాలనీకి ఒక పూట వెళ్ళి, పని చేసేవాళ్ళ పక్కన కూర్చుని చూసి రండి. తెల్ల పొణికి అనే తేలికైన కర్రను ఎండబెట్టి, సన్నని సెగ మీద తేమ తీసి చెక్కుతారు. కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి మక్కుతో అతుకుతారు. చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు. దాని మీద సున్నం పూత, ఆరాక మేక వెంట్రుకల కుంచెతో రంగులు.

మల్లి ఇంట్లో చేసే పని ఈ వరసలో రాయొచ్చు. గుప్పెడు చింతపిక్కలు వేయించి, పొట్టు కొట్టేసి, రాత్రంతా నానబెడుతుంది. పొద్దున మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి, చిక్కబడేదాకా సన్నని మంట మీద ఉడికిస్తుంది. వడ్రంగి దుకాణం నుంచి తెచ్చిన పొట్టును జల్లించి, ముద్ద చపాతీ పిండి అంత గట్టిపడేదాకా కలుపుతుంది. విరిగిన చోట పాత రంగు గరుకు కాగితంతో రుద్ది, ముద్ద పెట్టి, తడి వేలితో సరిచేస్తుంది. నీడలో ఆరాలి, ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది. ఆరాక మళ్ళీ గరుకు కాగితం, సున్నం పూత, అదీ ఆరాక రంగు.

చెడిపోయే తీరు కూడా రాయండి, కథ అక్కడే దొరుకుతుంది. మక్కు ఒకేసారి మందంగా పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది, రెండో రోజుకు నెర్రెలిస్తుంది. పలచగా రెండు మూడు విడతలుగా పెట్టాలి. వానాకాలంలో అసలు ఆరదు, బూజు పడుతుంది. సున్నం తడిగా ఉండగా రంగు వేస్తే పొరలుగా లేచిపోతుంది. మల్లి రిపేరును 16 నుంచి 19 అధ్యాయాల్లో, వానల్లో పెట్టింది ఇందుకే. ఆరని మక్కు వల్ల, పెట్టెలోని బొమ్మల్లో ఒకడైన తాడిచెట్టు ఎక్కే మనిషి మూడు వారాలు సగం బాగై, సగం విరిగి ఉంటాడు. గొంతు సగమే వస్తుంది, మాటలు మధ్యలో తెగిపోతుంటాయి. ఆ మూడు వారాల్లోనే మల్లి అతనికి తను అన్న మాట చెప్పేస్తుంది, పూర్తిగా వింటాడో లేదోనని తొందరపడి. గోడ అవతల నాన్న వింటాడు.

రిపేరు చేయాలన్న పట్టు మల్లిది కాకుండా బొమ్మదైతే ఇంకా బాగుంటుంది. చెయ్యి విరిగి తాడిచెట్టు పట్టుకోలేక పదేపదే జారిపోతున్నాడు, "నన్ను అతికించు అమ్మాయ్" అని అడిగేది అతనే. తన మాట వినే మనిషి కావాలా, అతని చెయ్యి బాగుపడాలా అన్నది మల్లి తేల్చుకోవాలి.

ఇంకో సంగతి కచ్చితంగా పాటించండి: బొమ్మ పూర్తయ్యాక మల్లి బాధ తగ్గిందని రాయొద్దు. పని చేస్తున్నంతసేపు చేతులకు ఆసరా దొరుకుతుంది, పక్కన ఎవరైనా కూర్చుంటే మాట కదులుతుంది. నాన్న వచ్చి, ఏమీ అడక్కుండా, గరుకు కాగితం అందుకోవాలి.

6. ఊరు

బెజవాడను వర్ణించకండి, వాడుకోండి. మూడు కాలువలు ఊరి మధ్యలోంచి పోతాయి: ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. మల్లి ఎటు వెళ్ళాలన్నా ఏదో ఒక వంతెన దాటాలి. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల మాత ఉత్సవాలు, కార్తీకంలో కృష్ణలో వదిలే దీపాలు, దసరాకు ఇంద్రకీలాద్రి క్యూలు. వాళ్ళింట్లో పండగ లేని ఏడాది ఊరంతా పండగే ఉంటుంది, ఆ తేడా చాలు.

ఏ సంవత్సరంలో జరుగుతోందో నిర్ణయించుకోండి. 2016 అయితే ఆగస్టు 12 నుంచి 23 వరకు కృష్ణా పుష్కరాలు, ఘాట్ల మీద వేలమంది తమవాళ్ళకు పిండాలు పెట్టే రోజులు. నాయనమ్మ పోయిన ఇంటి పిల్లకు తనలాంటివాళ్ళు ఇంతమంది ఉన్నారని కళ్ళారా కనిపించే సందర్భం. 2024 అయితే సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ఆ ఏడాది పెట్టుకుని వరద ఊసెత్తకపోతే బెజవాడ పిల్లలు నమ్మరు. రెండూ వద్దనుకుంటే సంవత్సరం చెప్పకండి.

7. మాట

వాక్యం పది పన్నెండు పదాలు దాటకుండా చూడండి. ఇంట్లో మాట్లాడే తెలుగే రాయండి. మల్లి నాన్నను "నువ్వు" అంటుందా "మీరు" అంటుందా, అమ్మ అత్తగారిని "అత్తయ్యగారు" అనేదా "అత్తయ్య" అనేదా మొదటి పేజీలో తేల్చుకుని చివరిదాకా నిలబెట్టుకోండి. సంభాషణ ఈ పాళ్ళలో ఉంటే సరిపోతుంది:

తాడిచెట్టు మీది మనిషికి ముక్కు లేదు.
"ముక్కు లేకుండా ఎలా మాట్లాడుతున్నావు మావయ్యా?" అంది మల్లి.
"మాట నోట్లోంచి వస్తుంది అమ్మాయ్. మీ బళ్ళో చెప్పలేదా?"
"నాయనమ్మ నీకు బాగా తెలుసా?"
"ఏడాదికి మూడు రోజులు తెలుసు. మిగతా మూడొందల అరవై రెండు రోజులూ మమ్మల్ని పాత చీరలో చుట్టి పెట్టెలో పెట్టేసేది."
"ఏ చీర?"
"నీ చేతిలో ఉన్నదే."
మల్లి చీర ముక్కుకు ఆనించుకుంది. కలరా ఉండల వాసన తప్ప ఇంకేం రాలేదు. మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ తీసింది.

ఇందులో దుఃఖం అన్న మాట లేదు. చివరి వాక్యం తర్వాత ఇంకొకటి రాయబోతే చెయ్యి ఆపుకోవాలి.

8. ముగింపు

రెండో సంక్రాంతికి మెట్లు వేస్తారు. మల్లి తను చెక్కిన కొత్త బొమ్మ ఒకటి పెడుతుంది: గవ్వలు పట్టుకుని కూర్చున్న ముసలావిడ. కొత్త రంగు కాబట్టి పలకదు. భోగి రోజు బుజ్జి దాన్ని కింద పడేస్తాడు, మోచేతి దగ్గర రంగు లేస్తుంది. బొమ్మ నోరు విప్పి అడిగే మొదటి ప్రశ్న, "నన్ను ఎవరిలా చేశావు?" అది నాయనమ్మను ఎన్నడూ చూడలేదు మరి. ఇప్పుడు చెప్పాల్సింది మల్లి. దొంగాట సంగతి నుంచే మొదలుపెడుతుంది. మూడో నియమం నుంచి పుట్టింది కాబట్టి ఈ ముగింపు నిలబడుతుంది. మీ కథలోనూ చివరి సన్నివేశం మీ నియమాల్లో ఒకదాన్ని తిరగేస్తే దొరుకుతుందేమో చూడండి.

9. పిల్లలకు చదివి వినిపించడం

చిత్తుప్రతి పూర్తయ్యాక నెల రోజులు ముట్టుకోకండి. తర్వాత తొమ్మిది, పది, పదకొండేళ్ళ పిల్లలు నలుగురైదుగురికి రోజుకు రెండు అధ్యాయాల చొప్పున చదివి వినిపించండి. ముందుగా తల్లిదండ్రులకు కథ చెప్పి ఒప్పించండి. ఈమధ్యే ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్ల ఉంటే, వినాలా వద్దా అన్నది ఆ పిల్లకే వదలాలి, మధ్యలో లేచి వెళ్ళే వీలుండాలి.

"బాగుందా?" అని అడిగితే అందరూ బాగుందంటారు. "తర్వాత ఏమవుతుంది?" అని అడగండి. ఎవరి దగ్గరా జవాబు లేకపోతే అధ్యాయం చివర దారం తెగింది. కాళ్ళు ఊపడం, కిటికీ వైపు చూడడం మొదలైన చోట అంచున పెన్సిలు గీత పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురి గీతలు ఒకే చోట పడితే అక్కడ దాదాపు ఎప్పుడూ పెద్దవాళ్ళ ఆలోచనలే ఉంటాయి.

10. అచ్చుకు ముందు

అధ్యాయానికి 750 పదాలు, ఇరవై నాలుగు అధ్యాయాలకు 18,000. డెమ్మీ 1/8 సైజులో (సుమారు ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు), 14 పాయింట్ల అక్షరంతో పేజీకి 170 పదాల దాకా పడతాయి. అంటే 106 పేజీలు. చిత్రాలకు 14, ముందు పేజీలకు 8 కలిపితే 128, పదహారు పేజీల ఫారాలు సరిగ్గా ఎనిమిది. ఫారం లెక్కకు కుదరకపోతే తెల్ల పేజీలకు కూడా డబ్బు కట్టాలి.

తెలుగుకు వరసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి, పై గుడులూ కింది వత్తులూ తగులుకుంటే పిల్లలకు చదవడం కష్టం. 14 పాయింట్ల అక్షరానికి 21 పాయింట్ల వరస దూరం ఇవ్వండి. మండలి లాంటి యూనికోడ్ ఫాంటు పిల్లల పుస్తకానికి బాగా నప్పుతుంది. డీటీపీ వాళ్ళు యూనికోడ్ కాని అను ఫాంట్లలోకి మారిస్తే వత్తులు, క్రారవడి చెదురుతాయి, మార్చాక ప్రూఫు మొదటి పేజీ నుంచి మళ్ళీ దిద్దాలి. లోపలికి 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల లెక్క) మాప్లితో కాగితం, అట్టకు 300 జీఎస్‌ఎం ఆర్టు బోర్డు. కుట్టు బైండింగు అడగండి; జిగురుతో మాత్రమే అతికిస్తే లైబ్రరీలో పది చేతులు మారేసరికి పేజీలు ఊడతాయి.

బొమ్మలు వేసే చిత్రకారుడికి కథతో పాటు మూడు నియమాలూ, ఏ బొమ్మకు ఎక్కడ రంగు ఊడిందో పట్టికా ఇవ్వండి. పన్నెండో అధ్యాయం చిత్రంలో ఏనుగు తొండం బాగైపోయి కనిపిస్తే పిల్లలు వెంటనే పట్టేస్తారు.

పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయంతో పాటు చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. చివరి పేజీలో రెండు నంబర్లు వేయండి: పిల్లల కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి పుస్తకం స్టాల్లో ఉండాలంటే ఫైలు నవంబరు మధ్యకల్లా ప్రెస్సుకు చేరాలి. డిసెంబర్లో క్యాలెండర్లు, డైరీల పని ముంచెత్తుతుంది, కుట్టు బైండింగుకు మనుషులు దొరకరు.